పాత ఇంజిన్ దించే ముందు: పడవల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద వచ్చాయి. సొంత సరదాకో, కుటుంబంతో తిరగడానికో ఉంచుకున్న పడవకు పాత ఇంజిన్ తీసి ఇంకొంచెం పెద్దది పెట్టడం గురించి. అందుకే ఈ పేజీలన్నీ దానికే ఇస్తున్నాం. ఒకే జవాబుతో తేలిపోయే ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మాది 16 అడుగుల ఫైబర్ బోటు. వెనక వెడల్పు ఐదున్నర అడుగులు. 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు (పడవ వెనక పలకకు బయట తగిలించే ఇంజిన్) ఉంది, చేత్తో హ్యాండిల్ పట్టుకుని తిప్పే రకం. పదిహేనేళ్లు దాటింది. పొగ, చప్పుడు భరించలేకపోతున్నాం. ఎలాగూ మారుస్తున్నాం కదా, ఒకేసారి 90 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ పెట్టేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. ఎంత హెచ్‌పీ దాకా పెట్టొచ్చో రాసి ఉండే కెపాసిటీ ప్లేటు బోటు మీద లేదు. ఎంత దాకా పెట్టొచ్చు?
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: 90 వద్దండీ. 60 చాలు, అదీ స్టీరింగు మార్చాకే.

ప్లేటు లేని పడవకు ఒక లెక్క ఉంది. 20 అడుగుల లోపు పడవలకు అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఉన్నది ఇది. మన దగ్గర ఇది చట్టం కాదు గానీ, చేతిలో ఏ ఆధారమూ లేనప్పుడు పనికొస్తుంది. పడవ పొడవును వెనక పలక వెడల్పుతో అడుగుల్లో హెచ్చించండి. మీకు 16 ఇంటూ 5.5, అంటే 88. చక్రం స్టీరింగు ఉండి, వెనక పలక ఎత్తు 20 అంగుళాలకు తగ్గకపోతే, 88ని రెట్టింపు చేసి 90 తీసేయాలి. 86 వస్తుంది, దాన్ని ఆ పైన వచ్చే అయిదు గుణిజానికి సరిచేస్తే 90. కానీ మీది హ్యాండిల్ రకం కాబట్టి లెక్క మారుతుంది. అడుగు భాగం బల్లపరుపుగా లేని పడవైతే 88ని 0.8తో హెచ్చించి 25 తీసేయాలి. 45.4 వస్తుంది, అంటే 50. పూర్తిగా చదునైన అడుగు, పదునైన అంచులు ఉన్న పడవైతే 88లో సగం నుంచి 15 తీసేయాలి, 29 వస్తుంది, అంటే 30. అలాంటప్పుడు ఇప్పుడున్న 40 కూడా ఎక్కువే.

పడవ ఒకటే, స్టీరింగు ఒక్కటి మారితే అంకె 50 నుంచి 90కి పోతోంది చూడండి. హ్యాండిల్ పట్టుకున్న మనిషి బరువు వెనక మూలనే ఉంటుంది. పైగా ఇంజిన్ ఒక్కసారి పక్కకు లాగితే ఆ లాగుడంతా అతని మోచేతి మీదే పడుతుంది. తేడాకు కారణం అదే.

చక్రం పెట్టాక కూడా 90 ఎందుకు వద్దంటున్నామంటే, బరువు. 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ 70–75 కిలోల దగ్గర ఉంటుంది. 60 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ 105 నుంచి 115. 90 హెచ్‌పీ అయితే 155 నుంచి 165. మీ పడవ 75 కిలోల కోసం కట్టింది. దాని వెనక అంచు మీద ఇంకో 90 కిలోలు వేస్తే, ఇద్దరు మనుషులు వెనక నిలబడగానే నీళ్లు పలక అంచుకు వచ్చేస్తాయి. 60 పెట్టినా 35–40 కిలోలు పెరుగుతుంది. అందుకే బ్యాటరీనీ పెట్రోలు ట్యాంకునూ వెనక నుంచి తీసి మధ్యకు జరపండి.

ఇంజిన్ కొనే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. వెనక పలకను, అంటే ట్రాన్సమ్‌ను పరీక్షించాలి. ఫైబర్ పడవల్లో ఈ పలక లోపల సాధారణంగా ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల గుండా ఏళ్ల తరబడి నీరు దిగి, పైన ఫైబర్ మెరుస్తుండగానే లోపల చెక్క మెత్తబడిపోతుంది. ముందు రబ్బరు సుత్తితో అంగుళం అంగుళం తట్టండి. గట్టి చోట ఖణేల్మంటుంది, కుళ్లిన చోట డొల్లగా మొద్దుగా వినిపిస్తుంది. తర్వాత ఇంజిన్ కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ బలంగా ఊపి చూడండి, పలక ఏమాత్రం వంగకూడదు. చివరగా లోపలి వైపు, అడుగుకు దగ్గరగా, 6 మి.మీ. డ్రిల్‌తో రెండు మూడు చిన్న రంధ్రాలు వేయండి. బిట్టు మీద వచ్చే పొట్టు పొడిగా, లేత రంగులో రాలితే నిశ్చింత. నల్లగా తడిగా ముద్దలా బిట్టుకు అంటుకుని, పుల్లటి వాసన వేస్తే ఆ చెక్క పోయినట్టే. అలాంటి పలక మీద కొత్త ఇంజిన్ పెట్టడమంటే పడవనీ ఇంజిన్‌నీ రెంటినీ పోగొట్టుకోవడమే. ముందు పలక మార్పించండి. బాగుంటే ఆ రంధ్రాలను ఎపాక్సీతో పూడ్చేయండి.

బిగించేటప్పుడు నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు, లోపలి వైపు పెద్ద వాషర్లు లేదా పట్టీ వాడాలి. 12 మి.మీ. లేదా అర అంగుళం బోల్టులు సాధారణం. పైన మర స్క్రూలు రెండు బిగించి వదిలేసే అలవాటు ఈ పరిమాణానికి పనికిరాదు. ప్రతి రంధ్రం గోడకు ఎపాక్సీ పూసి ఆరనిచ్చి, ఆ తర్వాత మెరైన్ పాలీయురేథేన్ సీలెంటుతో బోల్టు దించండి. బాత్రూముల్లో వాడే సిలికాన్ వద్దు, నీటి గీత కింద అది ఊడిపోతుంది. ఎప్పటికీ ఊడి రాని రకం బంక సీలెంటు కూడా వద్దు, రేపు ఇంజిన్ దించాల్సి వస్తే ఫైబరే ఊడి వస్తుంది.

ఎత్తు విషయానికొస్తే, ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఓ రెక్క ఉంటుంది. పడవ అడుగుకు వంకర లేని తిన్నని కర్ర ఆనించి వెనక్కి చాపితే, ఆ రెక్క కర్రకు సమానంగా గానీ ఒక అంగుళం పైన గానీ ఉండాలి. మరీ కిందికి దిగితే నీరు చిమ్ముతూ పడవ బరువుగా నడుస్తుంది. మరీ పైకి ఉంటే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చుకుని ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, పడవ మాత్రం ముందుకు కదలదు. ఇంజిన్ షాఫ్టు పొడవు కూడా పలక ఎత్తుతో కలవాలి. 15 అంగుళాల పలకకు షార్ట్ షాఫ్టు, 20కి లాంగ్ షాఫ్టు.

పాత ట్యాంకు, పాత గొట్టం అలాగే ఉంచకండి. అందులో ఆయిల్ కలిపిన పెట్రోలు ఉంటుంది, ఫోర్ స్ట్రోక్‌కు అది పనికిరాదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలు. ఇందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చాలా ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువళ్లు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ట్యాంకులో నెల, రెండు నెలలు నిలవ ఉంటే నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగి వేరే పొరగా నిలుస్తాయి. ఇంజిన్ మొదట పీల్చేది ఆ పొరనే. కాబట్టి మీరు కొనే మోడల్ 20 శాతం ఇథనాల్‌ను తట్టుకుంటుందో లేదో డీలరు చేత కాగితం మీద రాయించుకోండి. ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ ఫిల్టరు పెట్టించండి. తిరిగే రోజున కొన్న పెట్రోలు ఆ వారంలోనే ఖర్చు చేయండి. పడవను ఆపేసే ముందు ట్యాంకు ఖాళీ చేయండి.

ఇక ప్రొపెల్లర్. కొత్త ఇంజిన్‌తో వచ్చినదే సరైనది అనుకోవద్దు. మామూలుగా మీరు ఎక్కించుకునే మనుషులు, సామాను, నిండు ట్యాంకుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. ఈ తరగతి ఇంజిన్లకు 5000 నుంచి 6000 మధ్య అని మాన్యువల్లో రాసి ఉంటుంది. పై సగంలో, 5600 నుంచి 5900 మధ్య నిలబడాలి. 5100 దగ్గరే ఆగిపోతే పిచ్, అంటే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ లెక్క ప్రకారం ముందుకు పోయే దూరం, ఎక్కువైంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 150–200 పెరుగుతుంది, కాబట్టి మీకు మూడు అంగుళాలు తగ్గించాలి. ఆర్‌పీఎం అందకుండా ఏళ్ల తరబడి నడిపిన ఇంజిన్, గేరు మార్చకుండా కొండెక్కించిన బస్సు ఇంజిన్ లాంటిదే. పిస్టన్లలో మసి కడుతుంది, లోపల వేడి పెరుగుతుంది.

జీపీఎస్ వేగంతో ఇంకో సరి చూసుకోవచ్చు. 1.85 గేరు నిష్పత్తి, 13 అంగుళాల పిచ్, 5800 ఆర్‌పీఎం అయితే జారుడు (నీళ్లలో ప్రొపెల్లర్ పట్టు తప్పి పోగొట్టుకునే వేగం) లేకుండా లెక్కకు గంటకు 62 కి.మీ. రావాలి. జీపీఎస్ 53 చూపిస్తే జారుడు 15 శాతం లోపు, బాగుంది. 45 చూపిస్తే ప్రొపెల్లర్ దెబ్బతిన్నదో, ఇంజిన్ మరీ పైకి ఎక్కిందో, బరువు తప్పు చోట ఉందో వెతకాలి.

మొదటి గంట సగం థ్రాటిల్ దాటకండి. రెండో గంటలో ముప్పావు దాకా. పది గంటలు నిండేదాకా ఫుల్ థ్రాటిల్ ఒక్కసారికి ఐదు నిమిషాలకు మించి వద్దు, ఒకే వేగంతో అదే పనిగా కూడా నడపొద్దు. 20 గంటలకు ఇంజిన్ ఆయిలూ గేరు ఆయిలూ మార్చాలి. ఆయిల్ డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అని, ఫోర్ స్ట్రోక్ పడవ ఇంజిన్ల ఆయిల్‌కు ఇచ్చే గుర్తు ఉండాలి. బైకుల ఆయిల్ పోయకండి.

ప్రశ్న: కోనసీమలో మాకు 42 అడుగుల ఇనుప పడవ ఉంది. పైన రెండు గదులు కట్టుకుని బంధువులతో గోదావరిలో తిరుగుతుంటాం. బరువు 12 టన్నులు. లారీ ఇంజిన్‌ను పడవకు సరిపడా మార్చి పెట్టిన 60 హెచ్‌పీ డీజిల్, 1800 ఆర్‌పీఎం, 2:1 గేరుబాక్సు. ఇప్పుడు గంటకు 13 కి.మీ. పోతుంది. 120 హెచ్‌పీ పెడితే 25 పోతుందా?
— ఓ పాఠకురాలు, దిండి

జవాబు: పోదండీ. మీ పడవ వేగాన్ని ఇంజిన్ కాదు, పొడవు నిర్ణయిస్తుంది. నీటిని చీల్చుకుంటూ పోయే ఇలాంటి పడవ తన అలను తానే దాటలేదు. నీటి గీత దగ్గర పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే గంటకు నాటికల్ మైళ్లలో హద్దు వేగం వస్తుంది. మీది 40 అడుగులు అనుకుంటే 8.5, అంటే గంటకు 15.7 కి.మీ. అక్కడి నుంచి మీరెంత శక్తి పోసినా వెనక భాగం నీళ్లలోకి దిగి, ముందు లేచి, రేవు గట్లకు అలలు కొట్టడమే. ఆ హద్దు దగ్గరకు పోవడానికి టన్నుకు 5 హెచ్‌పీ చొప్పున 60 సరిపోతుంది. వరద రోజుల్లో ఎదురీతకు, గాలికి కొంత మిగులు కావాలి కాబట్టి 75–80 తీసుకోండి. 120 దండగ.

వేగానికీ శక్తికీ ఉన్న సంబంధం కూడా తెలుసుకోండి. ఈ రకం పడవలో అవసరమయ్యే శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం ఐదోవంతు తగ్గిస్తే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. డీజిల్ ఖర్చు తగ్గించుకునే దారి ఇదే.

అయితే ఇంజిన్ మార్పిడిలో ఎక్కువమంది తప్పు చేసేది హెచ్‌పీ దగ్గర కాదు, గేరు దగ్గర. మీ పాత ఇంజిన్ 1800 తిరిగితే 2:1 గేరుతో షాఫ్టు 900 తిరుగుతోంది. కొత్త డీజిళ్లు 3000 తిరుగుతాయి. పాత గేరుబాక్సు ఉంచేస్తే షాఫ్టు 1500 తిరగాలి. ప్రొపెల్లర్ తినే శక్తి ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. 900 నుంచి 1500 అంటే నాలుగున్నర రెట్లకు పైగా. అంత శక్తి ఎక్కడిది? ఇంజిన్ రెండువేల దగ్గరే ఆగిపోయి నల్లటి పొగ కక్కుతుంది. కొన్నాళ్లకు వాల్వులు కాలిపోతాయి. గవర్నరు (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగం) చెడిందనో, డీజిల్ కల్తీ అయిందనో అనుకుంటారు. అసలు దోషం గేరుది. 3:1 గేరుబాక్సు తీసుకుంటే షాఫ్టు 1000 దగ్గర తిరుగుతుంది, పాత ప్రొపెల్లర్‌ను చిన్న మార్పుతో వాడుకోవచ్చు. ఆ మార్పులోనూ ఓ సంగతి గుర్తుంచుకోండి. వ్యాసం ఒక అంగుళం తగ్గించడం, పిచ్ రెండు మూడు అంగుళాలు తగ్గించడంతో సమానం. కాబట్టి ముందు పిచ్ తగ్గించి చూడాలి.

ఫ్లైవీలు, బెల్ హౌసింగు కొలతలు గేరుబాక్సుతో కలుస్తాయో లేదో కొనే ముందే అడగండి. ఎస్ఏఈ 3, ఎస్ఏఈ 4 అంటూ అంకెలతో చెబుతారు. రెండూ ఒకే అంకె కావాలి. షాఫ్టు మీద పడే మెలిక కూడా చూడండి. 60 హెచ్‌పీ 900 దగ్గర 468 న్యూటన్ మీటర్లు, 75 హెచ్‌పీ 1000 దగ్గర 527. ఎనిమిదోవంతు పెరిగింది. షాఫ్టు బేరింగుల దగ్గర అరిగి గాడి పడి ఉంటే ఇప్పుడే మార్చండి.

పాత ఇంజిన్ బరువైనదైతే దాన్ని తీసేశాక పడవ వెనక భాగం పైకి లేస్తుంది. కాగితం మీద రెండు బరువులూ రాసుకోండి. తేడా 150 కిలోలు దాటితే ఇసుక సంచులు కాదు, కదలకుండా బిగించిన ఇనుప దిమ్మెలే పెట్టాలి. ఇంజిన్ పునాది దూలాలు కూడా కొత్త మౌంటింగుల వెడల్పుకు కలవకపోతే కొత్తగా వెల్డింగు చేయించాలి. అడ్డ ముక్కలు అతికించి సరిపెట్టొద్దు.

ఇక అలైన్‌మెంటు. గేరుబాక్సునూ షాఫ్టునూ కలిపే గుండ్రటి పళ్లేలు, అంటే గేరుబాక్సు ఫ్లాంజీ, షాఫ్టు ఫ్లాంజీ, ఒకదానికొకటి ఎంత సమాంతరంగా ఉన్నాయన్నది. పడవ గట్టు మీద ఉన్నప్పుడు చేసిన అలైన్‌మెంటు నీళ్లలోకి దిగగానే పోతుంది, ఎందుకంటే పడవ బాడీ కొంచెం వంగుతుంది. నీళ్లలో ఒక రోజు తేలనిచ్చి, డీజిల్ ట్యాంకు సగం నింపి చేయాలి. రెండు ఫ్లాంజీలనూ చేత్తో దగ్గరకు తెచ్చి, పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్లా ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 150 మి.మీ. ఫ్లాంజీకి అత్యధికమూ అత్యల్పమూ మధ్య తేడా 0.15 మి.మీ. దాటకూడదు, 0.10 లోపు వస్తే మరీ మంచిది. ఇప్పుడు షాఫ్టును సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎక్కువ సందు అదే చోట ఉంటే ఇంజిన్ జరపాలి. సందు షాఫ్టుతోపాటు తిరిగితే షాఫ్టో ఫ్లాంజో వంగింది, ఎన్నిసార్లు ఇంజిన్ జరిపినా ఫలితం ఉండదు. రబ్బరు మౌంటింగులు కుదురుకున్నాక, 20 గంటల తర్వాత, మళ్లీ ఒకసారి చూడాలి. దీన్ని వదిలేస్తే గ్లాండు, అంటే షాఫ్టు పడవలోంచి బయటికి పోయే చోట నీటిని ఆపే బిగింపు, కారడం మొదలవుతుంది. మెకానిక్ గ్లాండు బిగిస్తూ పోతాడు, షాఫ్టు వేడెక్కి గాడి పడుతుంది. తాడు ప్యాకింగు ఉన్న గ్లాండు నడుస్తున్నప్పుడు నిమిషానికి ఏడెనిమిది చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. ఆపగానే ఆగిపోవాలి.

శీతలీకరణ దగ్గర గోదావరి సంగతి మరిచిపోకండి. జూలై నుంచి ఎర్రనీరు, ఒండ్రు. కాలవల్లోకి వస్తే గుర్రపుడెక్క. నది నీటినే లోపలికి లాగి హీట్ ఎక్స్‌చేంజర్ గుండా పంపే పద్ధతిలో ఒండ్రు గొట్టాల్లో పేరుకుపోతుంది, పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రం, అంటే రబ్బరు ఇంపెల్లర్, ఒక్క వరద సీజన్‌కే అరిగిపోతుంది. మీ ఇనుప పడవకు అడుగున గొట్టాలో చానెలో వెల్డింగు చేసి, ఇంజిన్ నీళ్లు కూలెంటుతో అందులోనే తిరిగేలా చేసే కీల్ కూలింగు చాలా మేలు. బయటి నీరు లోపలికి రాదు. నది నీటి పద్ధతే ఉంచుకుంటే జాలీ ఫిల్టరు చేతికి అందే చోట పెట్టించండి, ఇంపెల్లర్ ఒకటి అదనంగా పడవలోనే ఉంచండి. పాత ఇంపెల్లర్ రెక్క ఒకటి కనిపించకపోతే అది హీట్ ఎక్స్‌చేంజర్ మూతిలో ఇరుక్కుని ఉంటుంది. వెతికి తీయాల్సిందే.

నీటితో కలిసి పొగ బయటికి పోయే సైలెన్సర్ అయితే, నీళ్లు కలిసే వంపు నీటి గీతకు ఒక అడుగు పైన ఉండాలి. కుదరకపోతే గొట్టంలోకి గాలి వదిలి నీటి పీల్పును తెంపే సైఫన్ బ్రేకు తప్పనిసరి. లేకపోతే పడవ ఆగి ఉండగా నది నీరు వెనక్కి నడిచి సిలిండర్లలోకి చేరుతుంది. మర్నాడు స్టార్టరు నొక్కితే నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంకో సంగతి, ఇంజిన్ అందుకోకుండా స్టార్టరును అదే పనిగా తిప్పుతుంటే పంపు నీళ్లు పోస్తూనే ఉంటుంది, వాటిని నెట్టే పొగ మాత్రం ఉండదు. అలాంటప్పుడు ముందు నీటి కాక్ మూసేయండి. అందుకున్నాక వెంటనే తెరవండి.

ఇంజిన్ గదికి గాలి చాలడం లేదన్నది ఎవరూ పట్టించుకోరు. హెచ్‌పీని 3.3తో భాగిస్తే చదరపు అంగుళాల్లో కనీస కిటికీ వైశాల్యం వస్తుంది. 80కి 24 చదరపు అంగుళాలు. జాలీ పెడితే అది కప్పేసిన మేరకు ఇంకా పెంచాలి.

చివరిగా, ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021 కింద, భద్రత మీద ప్రభావం చూపే మార్పు చేసే ముందే అధికారుల అనుమతి తీసుకోవాలి. ఇంజిన్ మార్పు అలాంటిదే. పాత సర్వే సర్టిఫికెట్‌లో ఉన్న ఇంజిన్ నంబరూ హెచ్‌పీ మీ కొత్తదానితో కలవకపోతే, ఏదైనా జరిగిన రోజున బీమా కంపెనీ చూసే మొదటి కాగితం అదే. ముందు సర్వేయర్‌తో మాట్లాడి, తర్వాతే పాత ఇంజిన్ దించండి.

ప్రశ్న: జార్జియాలో కమ్మింగ్‌లో ఉంటున్నాం. లేక్ లేనియర్ మీద తిరగడానికి 1994 నాటి 19 అడుగుల బోటు కొన్నాం. 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, దాని శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చే ఆల్ఫా వన్ డ్రైవ్. చలికాలంలో ఇంజిన్‌లో నీళ్లు పూర్తిగా తీయలేదు. వసంతంలో స్టార్ట్ చేస్తే ఆయిల్ పాలు కలిసిన కాఫీలా అయింది. బ్లాకు పగిలిందన్నారు. జంక్ యార్డులో పికప్ ట్రక్కు 350 (క్యూబిక్ అంగుళాల, అంటే అదే 5.7 లీటర్ల) ఇంజిన్ చవగ్గా దొరుకుతోంది. అదే పెట్టొచ్చా? లేక దాన్ని 383 క్యూబిక్ అంగుళాలకు పెంచి హెచ్‌పీ పెంచమంటారా?
— ఓ తెలుగు కుటుంబం, జార్జియా

జవాబు: ట్రక్కుదీ పడవదీ ఇనుప బ్లాకు ఒకే కుటుంబానిదే. తేడా అంతా దాని చుట్టూ ఉంటుంది. ముందు సంవత్సరం చూడండి. 1986 నుంచి వెనక క్రాంక్ సీలు ఒకే ముక్కగా వస్తుంది, అంతకు ముందు రెండు ముక్కలు. ఫ్లైవీలు కూడా దాన్నిబట్టే మారుతుంది. 1996 నుంచి వచ్చిన వోర్టెక్ హెడ్లకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ 8 బోల్టులతో బిగుస్తుంది. మీ 1994 దానికి 12. అంటే వోర్టెక్ ట్రక్కు ఇంజిన్ తెస్తే మీ పాత ఇన్‌టేక్ దాని మీద కూర్చోదు. ఆ తరం బ్లాకుల్లో కొన్నిటికి మెకానికల్ ఫ్యూయల్ పంపు కూర్చునే చోటు తొలిచి కూడా ఉండదు. పైగా ట్రక్కు బ్లాకు నీటి దారులను మూసే ప్లగ్గులు ఉక్కువి, పడవకు ఇత్తడివి వేయాలి. హెడ్ గ్యాస్కెట్లు కూడా మెరైన్‌వే కావాలి. ఇవన్నీ కలిపితే చవక ఎక్కడికో పోతుంది. వారంటీ ఉన్న రీబిల్ట్ మెరైన్ లాంగ్ బ్లాకే (హెడ్లతో సహా కూర్చిన బ్లాకు) తీసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు, ఫ్యూయల్ పంపు కారువి పెట్టకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి నిలుస్తుంది. కారులో అయితే రోడ్డు గాలికి చెదిరిపోతుంది, ఇక్కడ పోదు. మెరైన్ భాగాల్లో నిప్పురవ్వ బయటికి రాదు. వాటిలో కరెంటుతో పనిచేసే వాటి మీద ఎస్ఏఈ జె1171 అని రాసి ఉంటుంది. రూపం అచ్చంగా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ గుర్తు చూసే కొనండి. ఎగ్జాస్టు బ్లోయర్‌ను స్టార్టుకు ముందు నాలుగు నిమిషాలు తిప్పడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.

383 వద్దు. ఆల్ఫా డ్రైవ్‌ను 300 హెచ్‌పీ దాకా ఇంజిన్లకే కంపెనీ జత చేసింది. ఆ పైన గేర్లు అరుగుతాయి. ఇంకో ప్రమాదమూ ఉంది. ఎక్కువ ఓవర్‌ల్యాప్ ఉన్న (రెండు వాల్వులూ ఒకేసారి ఎక్కువ సేపు తెరిచి ఉంచే) క్యామ్ వేస్తే నెమ్మదిగా నడిచేటప్పుడు ఎగ్జాస్టులోని నీరు వెనక్కి పీల్చుకుని సిలిండర్లలోకి వస్తుంది.

పాత ఎగ్జాస్టు మానిఫోల్డులను తుడిచి మళ్లీ బిగించకండి. బ్లాకును పగలగొట్టిన చలి వాటినీ పగలగొట్టి ఉండొచ్చు. వాటిలోనూ అవే నీళ్లు నిలిచాయి కదా. ప్రెషర్ టెస్టు చేయించండి. సందేహం ఉంటే మార్చేయండి. లేకపోతే కొత్త ఇంజిన్ మొదటి నెలలోనే నీళ్లు తాగుతుంది.

ఇంజిన్ దించిన సందులోనే గింబల్ బేరింగు, రబ్బరు బెలోస్, డ్రైవ్‌లోని ఇంపెల్లర్ మార్చేయండి. ఇంజిన్ కూర్చోబెట్టాక అలైన్‌మెంటు బారు రెండు వేళ్లతో తోస్తే లోపలికి జారాలి. సుత్తి అవసరమైతే ముందు మౌంటింగులు సరిచేయాలి. మొదటి స్టార్టుకు ముందు డిస్ట్రిబ్యూటరు తీసి, డ్రిల్‌తో ఆయిల్ పంపు తిప్పి, రాకర్ల దగ్గర ఆయిల్ కనిపించేదాకా ఆగండి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే అందుకున్న వెంటనే 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచాలి. ఐడిల్‌లో వదిలేస్తే క్యామ్ అరిగిపోతుంది. నీటి పైపు కలపకుండా మాత్రం అర నిమిషం కూడా నడపకండి.

వచ్చే చలికాలం బ్లాకుకు రెండు వైపులా ఉన్న ప్లగ్గులు విప్పి, నీళ్లు రాకపోతే ఖాళీ అయిందనుకోకండి. తుప్పు రంధ్రాన్ని మూసేస్తుంది, సన్నటి తీగతో పొడవాలి. మానిఫోల్డులూ, పంపు పెద్ద గొట్టమూ విప్పి కారనివ్వండి. ఆ తర్వాత గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ పోయండి. నీళ్లుండగానే పోస్తే పల్చబడి గడ్డకడుతుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఔట్‌బోర్డు కొంటున్నాం. ఉప్పు నీళ్లలో తిరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?
— ఓ పాఠకుడు, యానాం

జవాబు: కింది గేరు ఆయిల్ ప్లగ్గు కొంచెం వదులు చేయండి. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు దూరింది. ఇంజిన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం దాటితే బేరం ఆపండి. థర్మోస్టాట్ మూత చుట్టూ పెయింటు ఉబ్బి, తెల్లటి పొడి రాలుతుంటే ఉప్పు నీళ్లలో తిరిగి, కడగకుండా ఉంచిందని అర్థం. ఇంజెక్షన్ ఇంజిన్ అయితే డీలరు కంప్యూటరు తగిలించి, ఏ ఆర్‌పీఎంలో ఎన్ని గంటలు నడిచిందో చదివి చెప్పగలడు. ఆ చిన్న ఖర్చు తప్పకుండా పెట్టండి. మీ యానాం దగ్గర గౌతమి నీరు ఉప్పూ తీపీ కలిసినది కాబట్టి అల్యూమినియం ఆనోడ్లు (ఇంజిన్ లోహానికి బదులు తామే కరిగిపోయే ముక్కలు) వేయండి. సముద్రంలో జింకు పనిచేస్తుంది, మంచినీళ్లలో మెగ్నీషియం. ఆనోడు సగం కరిగితే మార్చాలి, దాని మీద పెయింటు వేయకూడదు.

ప్రశ్న: మా రిజర్వాయరు పడవ 24 అడుగులు, మెల్లగా తిరుగుతుంది. డీజిల్ తీసేసి కరెంటు మోటారు పెట్టొచ్చా?
— ఓ పాఠకురాలు, వికారాబాద్

జవాబు: మెల్లగా, రోజూ తిరిగి అదే రేవుకు వచ్చే పడవకు భేషుగ్గా పెట్టొచ్చు. ముందు మీ అవసరం కిలోవాట్లలో తేల్చుకోండి. గంటకు 8 కి.మీ. వేగానికి 4 కిలోవాట్లు చాలనుకుంటే, మూడు గంటలకు 12 యూనిట్లు. బ్యాటరీని 80 శాతమే వాడాలి కాబట్టి 15 యూనిట్ల బ్యాటరీ, అంటే 51.2 వోల్టుల 300 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సీసపు బ్యాటరీలైతే బరువు మూడు నాలుగు రెట్లవుతుంది, వాటిని సగానికి మించి ఖాళీ చేయకూడదు కూడా. 4 కిలోవాట్లకు 80 ఆంపియర్లు నడుస్తాయి కాబట్టి 35 చ.మి.మీ. రాగి కేబుల్ వాడండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. పాత డీజిల్ ప్రొపెల్లర్‌ను అలాగే ఉంచితే మోటారు లెక్కకు మించి కరెంటు లాగుతుంది, కాబట్టి నీళ్లలో దింపిన మొదటి రోజున క్లాంప్ మీటరు పెట్టి వేగం మెల్లగా పెంచుతూ ఆంపియర్లు రాసుకోండి. డీజిల్ ఇంజిన్ తీసేసిన చోట బ్యాటరీలు పడవ మధ్య గీత మీదే, అడుగుకు వీలైనంత దగ్గరగా బిగించాలి. పట్టీలు నైలాన్‌వైతే ఏడాదికోసారి మార్చండి.